నాడీకణాల సందులో ఆటిజం మూలాలు

ఆటిజం ఒకే కారణంతో వచ్చే జబ్బు కాదని, మెదడు ఎదిగే క్రమంలో వందలాది జన్యువుల్లో ఎక్కడ తేడా వచ్చినా కనిపించగల లక్షణాల సముదాయమని పరిశోధనలు తేల్చాయి. వాటిలో ఒకటైన సిన్‌గ్యాప్1 జన్యువుపై బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ అనే డీమ్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ క్లెమెంట్ బృందం పరిశోధిస్తోంది.

ఒక నాడీకణం మరొకదానికి సంకేతం అందించే సందును సైనాప్స్ అంటారు. అందుకునే కణపు కొమ్మలపై మొగ్గల్లాంటి సూక్ష్మమైన ఉబ్బులుంటాయి. అక్కడి సిన్‌గ్యాప్ ప్రోటీన్, రాస్ అనే మరో ప్రోటీన్‌ను అదుపులో ఉంచి, ఆ ఉబ్బులు తొందరపడి ముదరకుండా చూస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు జన్యుప్రతుల్లో ఏదో ఒకటి చెడితే ఈ ప్రోటీన్ దాదాపు సగానికి తగ్గుతుంది. అలాంటి ఎలుకపిల్లల్లో ఉబ్బులు వేళకు ముందే ముదిరిపోయి, మెదడు నేర్చుకునే తీరు దెబ్బతింటుందని క్లెమెంట్, అమెరికాలోని గావిన్ రంబా తదితరులతో కలిసి 2012లో ‘సెల్’ పత్రికలో చూపారు.

మనుషుల్లో బుద్ధిమాంద్యం, మూర్ఛ, ఆటిజం లక్షణాలను కలిపి తెచ్చే ఈ జన్యుమార్పు, చాలాసార్లు తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. కనుక తల్లి పెంపకాన్ని తప్పుపట్టడం అన్యాయమే. ఆటిజం మూల లక్షణాలను తొలగించే మందు ఇంకా రాలేదు కాబట్టి, జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా, మాట, ప్రవర్తన శిక్షణను వీలైనంత చిన్న వయసులోనే మొదలుపెట్టాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ వైద్యబృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షిస్తాయి.