పేలా, చుండ్రా? మందు రాసే ముందు తల చూడండి

బడి నుంచి వచ్చిన పిల్ల తల గోక్కుంటుంటే జడ విప్పి చూస్తాం. వెంట్రుకల మధ్య తెల్లటి చుక్కలు కనబడతాయి. అమ్మ ఈపులంటుంది, నాయనమ్మ చుండ్రంటుంది. ఎవరి మాట నెగ్గితే ఆ మందు పిల్ల తలకెక్కుతుంది. నిజానికి ఈ రెండింటికీ పోలికే లేదు. పేను రక్తం తాగి బతికే పురుగు. చుండ్రు చర్మం నుంచి రాలే పొట్టు. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు.

ఈ పొరపాటు మన ఇళ్లలోనే కాదు, ఎక్కడైనా జరుగుతుంది. పేలనుకుని జనం, వైద్య సిబ్బంది పంపిన 614 నమూనాలను అమెరికా పరిశోధకులు పరీక్షించి, ఆ వివరాలను 2000లో ప్రచురించారు. వాటిలో పేనో, ఈపో నిజంగా ఉన్నవి మూడింట రెండు వంతులు కూడా లేవు. మిగతావి చుండ్రు, దుమ్ము, నూలుపోగుల వంటివి. అందుకే మందు కొనే ముందు తల సరిగ్గా చూడటం నేర్చుకోవాలి.

అపోహ: జుట్టులో తెల్లగా కనబడితే అవి ఈపులే.

వాస్తవం: తెల్లగా కనబడేవి ముఖ్యంగా మూడు రకాలు. చుండ్రు పొట్టుకు ఒక ఆకారం ఉండదు. తల చర్మం మీద, వెంట్రుకల మీద, భుజాల మీద పడి ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. ఈపి మిల్లీమీటరు కన్నా చిన్నది, కోలగా ఉంటుంది. వెంట్రుకకు ఒక పక్కన, ఏటవాలుగా అతుక్కుని ఉంటుంది. ఆడపేను తన ఒంటి నుంచి వచ్చే జిగురుతో దాన్ని అతికిస్తుంది కాబట్టి ఊదినా, దులిపినా, తలంటినా ఊడదు. రెండు గోళ్ల మధ్య పట్టి లాగాల్సిందే.

మూడో రకం గురించి చాలామందికి తెలియదు. జడలు బిగించి వేసే ఆడపిల్లల్లో కుదుళ్ల దగ్గరి పొర ఊడి, వెంట్రుక చుట్టూ సన్నని తెల్ల గొట్టంలా చేరుతుంది. చూడటానికి అచ్చం ఈపిలాగే ఉంటుంది కానీ, వేళ్లతో పట్టి లాగితే వెంట్రుక పొడవునా సులువుగా జారుతుంది. ఇది పేనూ కాదు, అంటుకునే జబ్బూ కాదు. జడ వదులుగా వేస్తే చాలావరకు తగ్గుతుంది.

గుర్తు పెట్టుకోవడం తేలికే. రాలితే చుండ్రు, జారితే గొట్టం, అతుక్కుని ఉంటే ఈపి.

అపోహ: ఈపులు ఉన్నాయంటే తలలో పేలు ఉన్నట్లే.

వాస్తవం: ఈపి పొదగాలంటే తల వెచ్చదనం కావాలి. అందుకే ఆడపేను సాధారణంగా చర్మానికి ఆరు మిల్లీమీటర్ల లోపే గుడ్డు పెడుతుంది. అది 7 నుంచి 10 రోజుల్లో పగిలి పిల్ల బయటికొస్తుంది, ఖాళీ పెంకు మాత్రం వెంట్రుకకే ఉండిపోతుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కదా, దానితోపాటే పెంకూ కిందికి జరుగుతూ వస్తుంది. కుదురు నుంచి సెంటీమీటరు దాటి కనబడే ఈపుల్లో దాదాపు అన్నీ ఖాళీ పెంకులో, చచ్చిన గుడ్లో. పైగా జీవమున్న గుడ్డు గోధుమ రంగులో జుట్టులో కలిసిపోతే, ఖాళీ పెంకు తెల్లగా మెరుస్తూ ముందు కంటపడుతుంది. వాటిని చూసి కంగారుపడి, ఎప్పుడో పోయిన పేలకు మళ్లీ మళ్లీ మందు రాస్తుంటాం.

కదిలే పేను దొరికితేనే తలలో పేలున్నాయని ఖాయం చేసుకోవాలి. పెద్ద పేను నువ్వుగింజంత ఉంటుంది, వెలుతురు పడగానే తప్పుకుంటుంది. అందుకని పాయలు తీసి కంటితో వెతికితే చాలాసార్లు దొరకదు. తడిజుట్టు దువ్వి చూడటమే మేలు. 2009లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో, పేలున్న పిల్లల్లో కంటితో చూసి పట్టుకోగలిగింది 29 శాతం లోపే. తడిజుట్టు దువ్వితే 90 శాతానికి పైగా దొరికాయి.

పద్ధతి కష్టమేమీ కాదు. జుట్టు తడిపి కండిషనర్ గానీ, కొబ్బరినూనె గానీ పట్టించి మామూలు దువ్వెనతో చిక్కు తీయండి. తర్వాత పేలదువ్వెనను కుదుళ్లకు ఆనించి, చివరి దాకా ఒక్కో పాయా దువ్వండి. దువ్విన ప్రతిసారీ దువ్వెనను తెల్లటి గుడ్డకు తుడిచి చూడండి. చెవుల వెనక, మెడ పైభాగంలో మరీ జాగ్రత్తగా చూడాలి.

అపోహ: చిన్నపిల్లల తలలో పొట్టు రాలితే అది చుండ్రే.

వాస్తవం: చర్మం మీద ఉండే మలసీజియా అనే ఫంగస్‌కు, చర్మంలోని జిడ్డుకు చుండ్రుతో సంబంధం ఉంది. జిడ్డు గ్రంథులు బాగా పనిచేసేది ఈడొచ్చే వయసు నుంచి. పసికందుల మాడు మీద జిడ్డుగా కట్టే పొలుసులు వేరు, అవి చాలావరకు వాటంతటవే పోతాయి. ఆ దశ దాటాక, ఈడు రాకముందు, అసలైన చుండ్రు తక్కువే.

అయిదారేళ్ల పిల్లకు పొట్టు రాలుతూ, అక్కడక్కడా జుట్టు ఊడినా, విరిగిన వెంట్రుకలు నల్లటి చుక్కల్లా కనిపించినా తలకు పట్టే తామరేమోనని అనుమానించాలి. ఇది అంటుకుంటుంది. ఫంగస్ వెంట్రుకలోకి దిగి ఉంటుంది కాబట్టి పైపూతలు సరిపోవు, డాక్టరు చెప్పిన మాత్రలు కొన్ని వారాలు వాడాలి. చుండ్రు షాంపూతో నెలలు గడిపేస్తే అది ఇంట్లో మిగతా పిల్లలకూ పాకుతుంది.

అపోహ: దురద లేదు కాబట్టి పేలు లేవు.

వాస్తవం: పేను లాలాజలం పడకపోవడం వల్ల దురద పుడుతుంది. మొదటిసారి పేలు పట్టినప్పుడు అది మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. ఈలోగా పిల్ల హాయిగానే ఉంటుంది, పేలు మాత్రం పక్క తలలకు చేరుతుంటాయి. ఇంట్లో ఒకరికి పేలు దొరికితే, దురద ఉన్నా లేకున్నా అందరి తలలూ దువ్వి చూడాలి.

అపోహ: మురికిగా ఉండేవాళ్లకే పేలు పడతాయి, అవి ఎగిరి వస్తాయి.

వాస్తవం: పేనుకు రెక్కలు లేవు, దూకే కాళ్లూ లేవు. అది పాకుతుంది, అంతే. తలకు తల ఆనినప్పుడు ఒక వెంట్రుక మీంచి ఇంకోదాని మీదికి వెళుతుంది. ఒకే చాప మీద పక్కపక్కన పడుకున్నా, ఒకే ఫోన్ మీద తలలు ఆనించి కూర్చున్నా అది చాలు. రోజూ తలంటుకునే పిల్లకూ పడతాయి. తల వదిలితే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి కాబట్టి ఇల్లంతా మందు కొట్టనక్కర్లేదు. మందు రాయడానికి ముందు రెండు రోజుల్లో వాడిన దిండు గలేబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికితే చాలు.

అపోహ: ఇంటి వైద్యం వల్ల హాని ఉండదు.

వాస్తవం: సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని, భరించలేని మంట, చూపు మసకబారడం మొదలవుతాయి. పేల కోసం ఆ పొడి రాసుకుని కంటి ఆసుపత్రికి చేరిన కేసులు మన దేశ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి చేరగలదు, చిన్నపిల్లల్లో ఫిట్స్ తెప్పించగలదు. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నిప్పు రవ్వ తగిలితే ప్రాణమే పోతుంది. పంటకు కొట్టే పురుగుమందు తలకు రాస్తే చర్మం గుండానే విషమెక్కుతుంది. ఇవేవీ పిల్లల తల దగ్గరికి తేవద్దు. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అపోహ: ఒక్కసారి మందు రాస్తే సరిపోతుంది.

వాస్తవం: షాంపూతో తలస్నానం చేయించి, తువ్వాలుతో తుడిచిన జుట్టుకు ఒక శాతం పెర్మెత్రిన్ మందు పట్టించి, పది నిమిషాలుంచి కడగాలి. ఆ తలస్నానానికి కండిషనర్ వాడకూడదు, వాడితే మందు సరిగా పట్టదు. పేలు చచ్చినా కొన్ని గుడ్లు మిగులుతాయి. అవి పొదిగాక, ఆ పిల్లపేలు మళ్లీ గుడ్లు పెట్టకముందే, అంటే తొమ్మిదో రోజు ప్రాంతంలో రెండోసారి రాయాలి. మధ్య రోజుల్లో పేలదువ్వెన వదలకూడదు. రెండు నెలల లోపు పసికందులకు ఈ మందు వాడకూడదు. తలలో పుండ్లు, చీము, మెడలో బిళ్లలు ఉన్నా, రెండుసార్లు రాసినా పేలు కదులుతున్నా డాక్టరుకు చూపించండి.

అపోహ: పేలున్న పిల్లను బడి మాన్పించాలి, జుట్టు కత్తిరించాలి.

వాస్తవం: తలపేలు జబ్బులు మోసుకురావు. పైగా మనం గుర్తించేనాటికి అవి ఆ తలలో కొన్ని వారాలుగా ఉండి ఉంటాయి. ఆ ఒక్కరోజు ఇంటికి పంపితే ఆగేది ఏమీ లేదు. పేలున్నాయని గానీ, ఈపులున్నాయని గానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లను బడికి దూరం చేయొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ స్పష్టంగా చెబుతోంది. పేలు పోవడానికి గుండు కూడా అవసరం లేదు, దువ్వెనా మందూ చాలు.

క్లాసులో అందరి ముందూ లేపి, వెనక బెంచీలో వేరుగా కూర్చోబెట్టిన పిల్లకు మాత్రం ఆ అవమానం చాలాకాలం గుర్తుంటుంది. టీచర్లకు, హాస్టల్ వార్డెన్లకు నా విన్నపం ఒకటే. అనుమానం వస్తే ఆ పిల్ల తల్లిదండ్రులకు విడిగా చెప్పండి. హాస్టల్లో అయితే ఒక సెలవు రోజున అందరి తలలూ వరసగా దువ్వించండి, ఎవరినీ వేలెత్తి చూపకండి. తల్లిదండ్రులూ వారానికి ఒక్కసారి, తలంటిన రోజున, పేలదువ్వెన పట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. పేను దొరికితే మందు రాయండి, దొరక్కపోతే సీసా మూత తీయకండి.