రూ.200 మౌస్ చాలా, రూ.600 పెట్టాలా? తనకల్లులో మా బావతో తెగని పంచాయితీ

మౌస్ కోసం కూడా గొడవ పడతారా అని నవ్వకండి. మేం పడ్డాం.

మా బావకి తనకల్లులో, కదిరి–మదనపల్లె రోడ్డు పక్కన చిన్న జిరాక్స్, నెట్ షాపు ఉంది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్. ఊరికి వెళ్తే ఆ షాపులో రెండు సిస్టమ్స్‌కీ నేనే డాక్టర్‌ని. ఈసారి వెళ్లేసరికి బావ ఒక డిగ్రీ అమ్మాయికి స్కాలర్‌షిప్ అప్లికేషన్ నింపుతున్నాడు. "హాస్టల్" అనే బాక్స్‌లో టిక్ పెట్టాడు. టిక్ పడింది, కనురెప్ప కొట్టేలోపు పోయింది. చూసుకోకుండా సబ్మిట్ నొక్కేశాడు. ప్రింట్ తీశాక ఆ అమ్మాయే కనిపెట్టింది. ఆ రోజే లాస్ట్ డేట్! ఎడిట్ ఆప్షన్ ఉంది కాబట్టి బతికిపోయాం.

"మౌస్ మార్చు బావా" అన్నా.

"మారుస్తాలేరా. ఇంకో రెండొందలు, అంతే కదా."

"ఆరొందలు పెట్టి మంచిది కొను."

"ఎలుకకి ఆరొందలేందిరా? తిరిగితే సాలు, క్లిక్ అయితే సాలు!"

ఇద్దరిలో ఎవరు కరెక్ట్? ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

టిక్ ఎందుకు పోయింది?

మౌస్ బటన్ కింద ఒక చిన్న మైక్రో స్విచ్ ఉంటుంది. దాని లోపల స్ప్రింగ్‌లా వంగే సన్నటి లోహపు రేకు. నొక్కితే అది కాంటాక్ట్‌కి తగులుతుంది, అదే "క్లిక్". రేకు తగిలేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడుతుంది. కొత్త మౌస్‌లో ఫర్మ్‌వేర్ ఆ ఎగుళ్లన్నిటినీ కలిపి ఒకే క్లిక్‌గా లెక్కేస్తుంది.

వాడేకొద్దీ రేకు బిగువు తగ్గుతుంది, కాంటాక్ట్ అరుగుతుంది, దాని మీద పొర పడుతుంది, దుమ్ము చేరుతుంది. అప్పుడు ఎగుళ్లు ఫర్మ్‌వేర్ లెక్క దాటిపోతాయి. ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు. చెక్ బాక్స్‌లో రెండు క్లిక్కులంటే టిక్ పెట్టి తీసేసినట్టే. డ్రాగ్ చేస్తున్న ఫైల్ మధ్యలో జారిపోవడం కూడా ఈ జబ్బే. విండోస్‌లో డబుల్ క్లిక్ స్పీడ్ మారిస్తే ఇది తగ్గదు, ఎందుకంటే లోపం హార్డ్‌వేర్‌లో ఉంది.

బాక్స్ మీద అంకెలు నమ్మొచ్చా?

డీపీఐ: మౌస్‌ని ఒక అంగుళం జరిపితే ఎన్ని కౌంట్లు పంపుతుందో చెప్పే అంకె. 1000 డీపీఐ ఉంటే 1920 పిక్సెల్స్ వెడల్పున్న స్క్రీన్‌ని దాదాపు రెండు అంగుళాల్లో దాటేయొచ్చు. ఫారాలు నింపడానికి, కోడింగ్‌కి 1000–1600 ఎక్కువే. అంతకు మించి చూపించే పెద్ద అంకెకి డబ్బులు పెట్టక్కర్లేదు. ఇక్కడ బావే కరెక్ట్.

క్లిక్ రేటింగ్: అసలు చూడాల్సింది ఇది. 30 లక్షల క్లిక్కుల స్విచ్ అనుకుందాం. షాపులో రోజుకి 4,000 క్లిక్కులు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 12 లక్షలు. అంటే రెండున్నరేళ్లు రావాలి. బావ మౌస్ ఐదు నెలలకే పోయింది. ఎందుకు? రేటింగ్ ల్యాబ్ లెక్క. తనకల్లులో ఎండాకాలం రోడ్డు దుమ్ము ల్యాబ్‌లో ఉండదు. పైగా చాలా చీప్ మౌస్‌ల బాక్స్ మీద స్విచ్ సంగతే రాయరు.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. వేల రూపాయల గేమింగ్ మౌస్‌లకీ ఈ డబుల్ క్లిక్ జబ్బు వస్తుంది. రేటు ఎక్కువైతే జబ్బు రాదని గ్యారంటీ లేదు.

డబ్బుల లెక్క

బావ లెక్కన ఐదు నెలలకో రూ.200, ఏడాదికి రూ.480. రూ.600 మౌస్ మూడేళ్లు వస్తే ఏడాదికి రూ.200. నేను గెలిచాననుకున్నా. బావ ఒక్క ప్రశ్న అడిగాడు: "ఏడాదికే పోతే? వారంటీ కోసం యాడికి పోవాల? షాపు మూసి, బస్సు చార్జీ పెట్టి పోతే నీ ఆరొందలు ఆడికే సరి."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. సిటీలో ఉండి రివ్యూ రాసే మాలాంటోళ్లు మర్చిపోయే పాయింట్ ఇదే. అందుకే కొనేముందు వారంటీ ఎన్నేళ్లో కాదు, రీప్లేస్‌మెంట్ కొరియర్‌లో చేస్తారా అన్నది చూడండి. బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, థర్మల్ పేపర్ బిల్లు అక్షరాలు మాసిపోతాయి.

ఐదు నిమిషాల టెస్ట్

• ఒక ఫోల్డర్ మీద 50 సార్లు, మధ్యలో ఒక్కో సెకను ఆగుతూ సింగిల్ క్లిక్ చేయండి. ఒక్కసారి ఓపెన్ అయినా స్విచ్ పోతున్నట్టే.
• పొడవాటి పేరాని నొక్కి పట్టి సెలెక్ట్ చేయండి. మధ్యలో తెగితే అదే జబ్బు.
• కర్సర్ ఎగిరెగిరి పడుతుంటే ముందు టేబుల్ చూడండి. ఆప్టికల్ సెన్సర్ కింది ఉపరితలాన్ని వరుసగా ఫోటోలు తీసి కదలిక పట్టుకుంటుంది, గాజు మీద దానికి ఏమీ కనపడదు. ఒక ప్యాడ్ వేస్తే చాలు.
• వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే రిసీవర్‌ని యూఎస్‌బీ 3.0 పోర్ట్ నుంచి తీసి 2.0లో పెట్టండి. 3.0 నుంచి వచ్చే నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొడుతుంది.

మరి ఏది కొనాలి?

ఇంట్లో సినిమాలు, అప్పుడప్పుడు బ్రౌజింగ్ అయితే రూ.200 మౌస్ చాలు. ఒక తప్పు క్లిక్ ఖరీదు మౌస్ ఖరీదు కంటే ఎక్కువయ్యే చోట, అంటే అప్లికేషన్లు, బిల్లింగ్, ఆన్‌లైన్ ఎగ్జామ్స్ దగ్గర, వారంటీ ఉన్న వైర్డ్ మౌస్ కొనండి. దానికి తోడు ఒక చీప్ మౌస్ డ్రాయర్‌లో స్పేర్‌గా ఉంచండి.

మా పంచాయితీ కూడా ఇక్కడే ఆగింది. అప్లికేషన్లు నింపే సిస్టమ్‌కి రూ.600ది, జిరాక్స్ సిస్టమ్‌కి రూ.200ది. బావ ఇప్పటికీ "డబ్బులు దండగ" అనే అంటాడు. కానీ సబ్మిట్ నొక్కే ముందు మాత్రం స్క్రీన్‌ని కస్టమర్ వైపు తిప్పి, "ఒకసారి టిక్కులన్నీ చూసుకోమ్మా" అంటున్నాడు. నిజం చెప్పాలంటే ఆ అలవాటు నేను కొనిచ్చిన మౌస్ కంటే విలువైంది.