తుఫానుకు కళ్లెం వేసే చన్నీళ్లు

సముద్రం 26.5 డిగ్రీలు దాటి వేడెక్కితే తుఫాను పుట్టడానికి అనువని తరచూ వింటాం. బంగాళాఖాతం ఏడాదిలో చాలా నెలలు ఆ గీత పైనే ఉంటుంది. అయినా జులై, ఆగస్టుల్లో పెద్ద తుఫాన్లు అరుదు. కింద ఒక దిక్కుకూ పైన ఇంకో దిక్కుకూ వీచే రుతుపవన గాలులు సుడిని నిలవనివ్వవు. ఆ అడ్డు లేనప్పుడు తుఫాను ఎంత బలపడుతుందో లెక్కగట్టాలంటే పైనీటి వేడి చాలదు, అడుగున ఏముందో చూడాలి. తుఫాను గాలి కడలిని కవ్వంలా చిలుకుతుంది. లోపలి చన్నీళ్లు పైకొచ్చి ఆవిరి తగ్గుతుంది, తుఫాను జోరూ తగ్గుతుంది. తన కళ్లెం తానే వేసుకోవడమన్నమాట. వేసవి తుఫాను నడిచిన దారిలో నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడటం మామూలే. అక్టోబరు, నవంబరుల్లో ఆ చల్లదనం ఒక డిగ్రీ కూడా ఉండకపోవచ్చు. కారణం ఈ కడలిలో కలిసే నదులే. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి వానాకాలమంతా తెచ్చిపోసిన మంచినీరు తేలిక కనుక పైన పరుచుకుంటుంది. దాని కిందిది ఉప్పునీరే అయినా వెచ్చనిదే. ఎంత చిలికినా పైకొచ్చేది వెచ్చటి నీరే. పైగా ఆ నెలల్లో కోస్తా వెంట దక్షిణానికి పారే ప్రవాహం ఈ మంచినీటిని మన తీరం పొడవునా మోసుకొస్తుంది. 1977 దివిసీమ ఉప్పెన, 1999 ఒడిశా సూపర్ సైక్లోన్, 2014 హుద్‌హుద్ ఈ రుతువులో వచ్చినవే.

భూతాపం తుఫాన్లను మారుస్తోందంటే, 1977 నాటికి ఆ మాట పెద్దగా వినపడలేదు కదా అనవచ్చు. నిజమే, తుఫాన్లు కొత్తవి కావు. వాటి సంఖ్య పెరుగుతుందని శాస్త్రజ్ఞులూ గట్టిగా చెప్పడం లేదు. ప్రపంచం మొత్తం మీద తగ్గవచ్చు కూడా. పెరిగేది వాటిలో తీవ్రమైన వాటి వాటా, అవి కుమ్మరించే వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. ఇంకో అభ్యంతరం బరువైనది: పైపొర వేడెక్కేకొద్దీ అడుగు నీటితో తేడా పెరుగుతుంది, అప్పుడు చిలికినప్పటి చల్లదనమూ పెరగాలి కదా? కొన్ని సముద్రాల్లో అది కొంత ఊరటే. కానీ భూమి మీద పేరుకున్న అదనపు వేడిలో సుమారు 90 శాతం కడలిలోకే చేరింది. అది పైపొరలోనే ఆగిపోకుండా లోపలికీ దిగుతోంది. వెచ్చటి పొర మందమయ్యేకొద్దీ చన్నీళ్లు కవ్వానికి అందవు. అందులోనూ బంగాళాఖాతంలో ఉప్పు తేడాయే పెత్తనం చేస్తుంది కనుక, ఆ ఊరటను నమ్ముకోవడం మనకు తగదు. తుఫాను దారిని అంచనా వేయడం ఎంతో మెరుగుపడింది. బలం అంచనా ఇంకా కష్టమే. దానికి అడుగు నీటి లెక్క కావాలి. ఆర్గో ఫ్లోట్లనే తేలే పరికరాలు దాదాపు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ వేడినీ ఉప్పునూ కొలుస్తాయి. మన దేశం వదిలిన ఫ్లోట్ల లెక్కలు చూసే సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రమే లేని హైదరాబాదులో.