ఆజ్ఞకు కదిలే కన్ను

ఛాయాచిత్రం తీసేవాని చేతిలోనే కెమెరా ఉండాలన్న నియమం నేడు లేదు. నగర కూడలిలో స్తంభంపై అమర్చిన కెమెరాను ఎక్కడో నియంత్రణ కేంద్రంలో కూర్చున్న ఉద్యోగి కుడియెడమలకు త్రిప్పగలడు. అతని ఆదేశం అంకెల రూపంలో తీగల వెంట పయనించి, కెమెరాను మోసే చిన్న మోటారును కదిలిస్తుంది. కన్ను ఒకచోట, చేయి మరొకచోట. పొరపాటు జరిగినా దిద్దుకోవడం తేలిక. దృశ్యం వెంటనే తెరపై కనిపిస్తుంది కనుక మరొక ఆజ్ఞ పంపితే సరిపోతుంది. ఆజ్ఞకూ ఫలితానికీ నడుమ గంటల వ్యవధి ఏర్పడినప్పుడే ఈ విద్యకు అసలైన పరీక్ష. వాయేజర్ వ్యోమనౌకల చరిత్ర ఇందుకు నిదర్శనం.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1977లో వాయేజర్ 1, వాయేజర్ 2 నౌకలను ప్రయోగించింది. ఒక్కొక్క నౌకకు రెండేసి కెమెరాలు. ఒకటి విశాల దృశ్యాన్ని గ్రహిస్తుంది. రెండవది దూరాన ఉన్నదానిని పెద్దదిగా చూపుతుంది. రెండింటినీ అటూ ఇటూ తిరిగే ఒక వేదికపై అమర్చారు. ఆ వేదిక ఏ క్షణాన ఎటు తిరగాలి, కెమెరా ఎంతసేపు కాంతిని గ్రహించాలి అన్న విషయాలను కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ నిపుణులు ముందుగానే లెక్కగట్టి ఆజ్ఞల వరుసను కూర్చేవారు. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రాలలోని మహా యాంటెన్నాలు వాటిని రేడియో తరంగాలుగా పంపేవి. నౌకలోని కంప్యూటరు వాటిని దాచుకొని, నిర్ణీత సమయం రాగానే అమలు చేసేది.

కావ్యాలలోని దూతలు స్వబుద్ధిని కూడా వినియోగిస్తారు. సీతను వెదకి రమ్మని పంపితే హనుమంతుడు లంకను కాల్చి మరీ తిరిగి వచ్చాడు. వ్యోమనౌకకు అంతటి స్వాతంత్ర్యం లేదు. చెప్పినది చెప్పినట్లే చేస్తుంది, తప్పు చెప్పినా సరే.

1981 ఆగస్టులో శనిగ్రహాన్ని సమీపించి దాటిన కొద్దిసేపటికే వాయేజర్ 2 కెమెరా వేదిక బిగుసుకుపోయింది. బాగుచేయడానికి అక్కడికి వెళ్లగల మనిషి లేడు. నిపుణులు అటువంటి యంత్రభాగాలనే భూమిపై పరీక్షించి, అతివేగంగా త్రిప్పడం వల్ల కందెన తొలగిపోయిందని గ్రహించారు. అప్పటినుండి వేదికను మెల్లగా మాత్రమే త్రిప్పసాగారు. 1986 జనవరిలో యురేనస్ వద్ద మరొక చిక్కు ఎదురైంది. అక్కడ సూర్యకాంతి అతి స్వల్పం. కెమెరా ఎక్కువసేపు తెరచి ఉంచాలి. కాని నౌక వేగానికి చిత్రం చెదురుతుంది. అందుచేత చిత్రం తీసే సమయంలో నౌకనే నెమ్మదిగా త్రిప్పుతూ లక్ష్యాన్ని అనుసరించేలా ఆజ్ఞాపించారు. భూమి నుండి ఆజ్ఞ చేరడానికే రెండు గంటల నలభై అయిదు నిమిషాలు పట్టే దూరమది! అయినా మిరాండా ఉపగ్రహంపై గల ఎత్తైన కొండకొమ్ములు స్పష్టంగా కనిపించాయి.

1990 ఫిబ్రవరి 14న, కార్ల్ సేగన్ చిరకాల అభ్యర్థన మేరకు, వాయేజర్ 1 వెనుదిరిగి చూచింది. సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుండి తీసిన 60 చిత్రాలలో ఆరు గ్రహాలు చిక్కాయి. అందులో భూమి ఒక చుక్కకన్న చిన్నది. ఆ తరువాత విద్యుత్తును, కంప్యూటరు జ్ఞాపకశక్తిని పొదుపు చేయడానికి కెమెరాలను ఆపివేశారు.

కన్ను మూసుకున్నా ఆజ్ఞలు ఆగలేదు. 2023 జూలై 21న పంపిన ఆజ్ఞల వరుసలో దొర్లిన దోషం వల్ల వాయేజర్ 2 యాంటెన్నా భూమి వైపు నుండి రెండు డిగ్రీలు ప్రక్కకు తొలగింది. ఇంత చిన్న వంపుకే భూమితో సంబంధం తెగిపోయింది. నౌక తన దిశను తానే సరిదిద్దుకొనే ఏర్పాటు ఉన్నా, అందుకు అక్టోబరు 15 వరకు వేచి ఉండాలి. నిపుణులు ఆగలేదు. కాన్‌బెర్రా యాంటెన్నా నుండి అత్యంత శక్తిమంతమైన ఆజ్ఞను పంపారు. అది చేరడానికి పద్దెనిమిదిన్నర గంటలు. ఫలించిందో లేదో తెలియడానికి మరి అంతే సమయం. ఆగస్టు 4న నౌక నుండి సమాచారం తిరిగి రాసాగింది.