మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాలు – రోజువారీ పనికి ఏది మేలు?

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం ఇమ్మని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు పోటీ పరీక్షల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో రాద్దామనుకున్నాం. కాని ఈ సంవత్సరం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఒక కెమెరా. లక్షల రూపాయల కెమెరాతో హాస్టల్ పిల్లలకు ఏం పని అని కొందరు నవ్వవచ్చు. చివరిదాకా చదివి ఆ తర్వాత నవ్వమని మనవి.

విషయం ఇది. మన హాస్టల్‌లో చదువుకున్న సీనియర్ అన్న ఒకరు ఇప్పుడు ఒక చిన్న పట్టణంలో ఫోటో స్టూడియో నడుపుతున్నారు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, స్కూలు గ్రూపు ఫోటోలే ఆయన జీవనాధారం. వదిన చీటీ పాడి తెచ్చిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో ఒక మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా కొనాలనుకున్నారు. ఆయన మనసులో రెండు ఉన్నాయి. ఒకటి జపాన్ కంపెనీ ఫ్యూజీఫిల్మ్ వారి జీఎఫ్ఎక్స్ 50ఆర్. రెండవది స్వీడన్ కంపెనీ హాసెల్‌బ్లాడ్ వారి ఎక్స్1డీ 2 50సీ. "మీరు పీజీ చదువుతున్నారు కదరా, ఇంగ్లీషులో ఉన్నదంతా చదివి నాకు తెలుగులో చెప్పండి" అని ఆ పని మాకు అప్పగించారు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. బ్యాంకు ఫారం నుంచి డాక్టరు చీటీ దాకా చదివి చెప్పడం మాకు అలవాటే. కాని మేం తప్పు చెబితే ఒక ఇంటి చీటీ డబ్బు వృథా అవుతుందన్న భయం మాత్రం ఇదే మొదటిసారి. ఆ భయంతో నేర్చుకున్నది తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కూడా ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాం.

మీడియం ఫార్మాట్ అంటే ఏమిటి?

ఈ పేరు కొత్తగా వినిపించినా వస్తువు మన ఊళ్లకు కొత్త కాదు. మన అమ్మానాన్నల కాలంలో స్టూడియోవాళ్లు పైనుంచి తల వంచి చూస్తూ ఫోటో తీసే పెట్టెలాంటి కెమెరా వాడేవారు. అందులో వేసేది 120 రీలు. దాని మీద 6×6 సెంటీమీటర్ల సైజులో 12 ఫోటోలు వచ్చేవి. అదే మీడియం ఫార్మాట్. తరువాత వచ్చిన 36 ఫోటోల రీలులో ఒక్కో ఫోటో సైజు 36×24 మిల్లీమీటర్లు మాత్రమే. నెగెటివ్ పెద్దదైతే పెద్ద ప్రింటు వేసినా ముఖాలు చెదరవు. 19వ శతాబ్దంలో హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజు పలకల మీద తీసిన ఫోటోలు నేటికీ అంత స్పష్టంగా ఉండటానికి ఒక కారణం ఆ పలకల సైజే.

డిజిటల్‌లో రీలు స్థానంలో సెన్సార్ ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ అనే కెమెరాలలో దాని సైజు 36×24 మి.మీ. అన్న అనుకున్న రెండు కెమెరాలలోనూ అది సుమారు 44×33 మి.మీ. వైశాల్యం లెక్క కడితే దాదాపు 1.7 రెట్లు. వాననీళ్లకు పెట్టిన పళ్లెం ఎంత వెడల్పుంటే అన్ని నీళ్లు పడతాయి. వెలుతురుకూ అదే సూత్రం. పట్టిన వెలుతురు ఎక్కువైన కొద్దీ నీడలో ఉన్న భాగాలు మచ్చలు లేకుండా వస్తాయి.

ఒక మాట గమనించాలి. 44×33 మి.మీ. సెన్సార్ పాత 120 రీలు కంటే చాలా చిన్నది. కాబట్టి పేరు చూసి పాత మీడియం ఫార్మాట్ అంతటిదని భ్రమపడకూడదు.

అన్నదమ్ముల్లాంటి పోటీదారులు

హాసెల్‌బ్లాడ్ పేరు చెప్పగానే అందరూ 1969 నాటి అపోలో 11 యాత్రను గుర్తు చేస్తారు. చంద్రుడి మీద తీసిన ఆ ఫోటోలు ఆ కంపెనీ కెమెరాతో తీసినవే. 2016లో ఈ కంపెనీ ఎక్స్1డీ అనే చిన్న మీడియం ఫార్మాట్ కెమెరాను ప్రకటించింది. అదే సంవత్సరం ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50ఎస్‌ను ప్రకటించింది. 2018లో జీఎఫ్ఎక్స్ 50ఆర్ 4,499 డాలర్లకు, 2019లో ఎక్స్1డీ 2 50సీ 5,750 డాలర్లకు వచ్చాయి. ఇవి లెన్సు లేకుండా ఒట్టి బాడీ ధరలు.

రెండింటిలోనూ ఉన్నది సోనీ తయారుచేసిన 5 కోట్ల పిక్సెళ్ల సెన్సారే. బ్యాటరీతో కలిపి ఒకటి సుమారు 775 గ్రాములు, మరొకటి 766 గ్రాములు. రెండింటిలోనూ చేతి వణుకును సరిచేసే సదుపాయం బాడీలో లేదు. రెండింటి ఆటోఫోకస్ కూడా పరుగెత్తేవారిని వెంటాడే రకం కాదు. అంటే ఫోటో నాణ్యత మీద వాదించుకోవడంలో అర్థం లేదు. తేడా అంతా పనితీరులో ఉంది.

అసలు తేడా షట్టర్‌లో

జీఎఫ్ఎక్స్‌లో షట్టర్ సెన్సార్ ముందు ఉంటుంది. రెండు తెరలు ఒకదాని వెనుక ఒకటి కదులుతాయి. సెకనులో 125వ వంతు దాకా సెన్సార్ మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది. అంతకన్నా వేగం పెంచితే మొదటి తెర చివరికి చేరకముందే రెండవది బయలుదేరుతుంది. మధ్యలో సందు మాత్రమే మిగులుతుంది. ఫ్లాష్ వెలుగు రెప్పపాటు కన్నా తక్కువ సేపు ఉంటుంది కనుక ఆ సందు మేరకే పడుతుంది. హైస్పీడ్ సింక్ అనే పద్ధతి ఉన్నా, అందులో ఫ్లాష్ బలం బాగా తగ్గిపోతుంది.

హాసెల్‌బ్లాడ్‌లో షట్టర్ లెన్సు లోపల ఉంటుంది. పువ్వు రేకుల్లా మధ్యలోంచి విచ్చుకుంటుంది. అందువల్ల సెకనులో 2000వ వంతు దాకా ఫ్లాష్ పూర్తిగా పనిచేస్తుంది.

దీనివల్ల లాభం ఏమిటి? మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర సెకనులో 125వ వంతు వేగానికి సుమారు ఎఫ్/16 పెట్టాలి. అదే 2000వ వంతు వేగమైతే ఎఫ్/4 చాలు. ఎఫ్/16కు కావలసిన ఫ్లాష్ బలంలో 16వ వంతు ఎఫ్/4కు సరిపోతుంది. అంటే పెద్ద లైట్లు, జనరేటర్ లేకుండా చేతిలో పట్టే ఫ్లాష్‌తోనే ఎండలో ముఖం మీద నీడ పోగొట్టవచ్చు. ఆరుబయట ఫ్లాష్‌తో పనిచేసేవారికి ఇది చాలా పెద్ద సౌకర్యం.

జీఎఫ్ఎక్స్ వైపు కూడా లాభాలున్నాయి. షట్టర్ బాడీలోనే ఉంది కాబట్టి అడాప్టర్ పెట్టి పాత కాలపు లెన్సులు మామూలుగా వాడుకోవచ్చు. ఎక్స్1డీ 2లో అలాంటి లెన్సులకు ఎలక్ట్రానిక్ షట్టరే గతి. దానితో కదిలే మనిషిని తీస్తే ఆకారం వంకరపోతుంది. జీఎఫ్ఎక్స్ వెనుక తెరను పైకీ కిందికీ వంచవచ్చు. నేల మీద కూర్చున్న అవ్వను తీయాలంటే మనం పడుకోనక్కరలేదు. రంగులు కూడా కెమెరాలోనే పాత రీళ్ల తరహాలో ఎంచుకుని నేరుగా జేపెగ్ తీసుకోవచ్చు. కంప్యూటర్ ముందు కూర్చునే సమయం తగ్గుతుంది. మరోవైపు హాసెల్‌బ్లాడ్ మెనూ సెల్‌ఫోన్‌లా సులువుగా ఉంటుంది. దాని 3.6 అంగుళాల తెర పెద్దదే గాని వంగదు.

ఏనుగును కొని అంకుశానికి బేరమాడకూడదు

కెమెరా కొనడంతో ఖర్చు అయిపోదు. పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున లెక్కిస్తే ఒక్కో రా ఫైలు సుమారు 100 ఎంబీ. ఒక ఫంక్షన్‌లో 500 ఫోటోలు తీస్తే 50 జీబీ. ఫ్యూజీలో నాణ్యత పోకుండా ఫైలును కుదించుకునే వీలుంది. అయినా మంచి కార్డులు, హార్డ్ డిస్కులు రెండేసి, బలమైన కంప్యూటర్ తప్పవు. లెన్సు వేరు. ఫ్యూజీ 50 మి.మీ. ఎఫ్/3.5 లెన్సు 335 గ్రాములు, హాసెల్‌బ్లాడ్ 45 మి.మీ. ఎఫ్/4 లెన్సు 320 గ్రాములు. లెన్సుతో కలిపితే ఏదైనా కిలో పైచిలుకే.

ఇంతా చేసి ఫోటో ఎక్కడ చూస్తాం? 6×4 అంగుళాల ప్రింటుకు 1800×1200, అంటే సుమారు 22 లక్షల పిక్సెళ్లు చాలు. ఈ కెమెరాల ఫోటో అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 27×20 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. ఫోన్‌లో మాత్రమే చూసే ఫోటోకు ఈ ఖర్చు దండగ. గోడకు వేలాడదీసే ఫోటోకు కాదు.

నల్లని ముఖం, తెల్లని చొక్కా

ఇక్కడ మన విషయం ఒకటి చెప్పుకోవాలి. మన గ్రూపు ఫోటోలు తీసి చూడండి. తెల్ల యూనిఫాం మెరుస్తుంది. ముఖాలు మాత్రం నల్లని మచ్చల్లా ఉంటాయి. లేకపోతే స్టూడియోలో టచప్ చేసి అందరికీ పౌడరు పూసినట్టు తెల్లగా చేస్తారు. రెండూ మన ముఖాలు కావు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య కాదు. కోడాక్ కంపెనీ కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకు పంపిన నమూనా ఫోటోలను షిర్లీ కార్డులు అనేవారు. దశాబ్దాలపాటు వాటిలో ఉన్నది తెల్లజాతి స్త్రీలే. వేర్వేరు రంగుల స్త్రీలతో కార్డులు వచ్చింది 1990లలోనే. ఎవరి ముఖం కొలబద్దగా పెట్టుకుంటారో వారి ముఖమే బాగా వస్తుంది.

పెద్ద సెన్సార్ ఇక్కడ సాయపడుతుంది. చొక్కా తెలుపు పాడుకాకుండా వెలుతురు తక్కువగా తీసి, తరువాత ముఖం వరకు వెలుతురు పెంచినా చర్మం రంగు, ముడతలు సహజంగా నిలుస్తాయి. అయితే మామూలు కెమెరాతోనైనా మనిషిని ఎండలోంచి వరండా నీడలోకి తెస్తే సగం సమస్య తీరుతుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా తీసేవాడి చూపు కొలబద్ద మారకపోతే ప్రయోజనం లేదు.

మేము చూసిన పరీక్ష

అన్న రెండు కెమెరాలనూ ఒక్కోరోజు అద్దెకు తెచ్చారు. తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చే ఆదివారాల్లో హాస్టల్ వరండాలో వారిని కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. అట్ట పట్టుకుని వెలుతురు మళ్లించడం, పేర్లు రాసుకోవడం మా పని. చాలామంది తల్లులకు ఆధార్, రేషన్ కార్డు ఫోటోలు తప్ప వేరే ఫోటో లేదని ఆ రోజుల్లోనే మాకు తెలిసింది.

రెండు ఆదివారాలూ వచ్చినవారిలో మా అమ్మ ఒకరు. ఆమె ఫోటోలు రెండింటినీ 12×18 సైజులో ప్రింటు వేయించి, వెనుక మాత్రమే కెమెరా పేరు రాసి గోడకు ఆనించారు అన్న. ఏది దేనితో తీసిందో మాలో ఎవరూ చెప్పలేకపోయాం. అమ్మ రెండింటినీ చూసి, వేలు మీద కొడవలి తెగిన గాటు కూడా పడిందే అని ఆశ్చర్యపోయింది. కెమెరా పేరు అడగలేదు. "ఇలాంటిదే ఒకటి మీ నాయనమ్మకు కూడా తీయించరాదూ" అంది.

ఆ తర్వాత నిర్ణయం తేలికైంది. అన్న తీసే ముసలివాళ్ల ఫోటోలు వరండా వెలుతురులోనే. ఆరుబయట ఫ్లాష్ పని తక్కువ. తన దగ్గర పాత లెన్సులు నాలుగున్నాయి. కంప్యూటర్ పనికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. అందుకని జీఎఫ్ఎక్స్ 50ఆర్, ఒక 50 మి.మీ. లెన్సు తీసుకున్నారు. ఆయన పని ఎండలో ఫ్లాష్‌తో అయివుంటే మేం హాసెల్‌బ్లాడ్ వైపే చెప్పేవాళ్లం. పెళ్లిళ్లకు పాత ఫుల్ ఫ్రేమ్ కెమెరానే వాడుతున్నారు. బరాతులో చిందులేసేవారిని తీయడానికి అదే సరైనది. చీటీ డబ్బంతా కెమెరాకే పెట్టకూడదన్నది వదిన షరతు. మిగిలినది హార్డ్ డిస్కులకు, పిల్లల ఫీజుకు వెళ్లింది.

కొనేవారికి నాలుగు మాటలు

1. రోజువారీ అంటే ఎవరి రోజు? ముందు నెలరోజులు మీరు తీసే ఫోటోలు లెక్క రాసుకోండి. పరుగెత్తే పిల్లలు, రాత్రి పెళ్లిళ్లు ఎక్కువైతే ఈ రెండు కెమెరాలూ వద్దు.

2. మూడు వరుసల గ్రూపు ఫోటోకు ఎఫ్/8 లేదా ఎఫ్/11 పెట్టండి. పెద్ద సెన్సార్‌లో ఫోకస్ లోతు తక్కువ. లేకపోతే వెనుక వరుస మసకబారుతుంది.

3. కొత్తవి కొనగలిగినవారికి ఇంకా మంచివి వచ్చాయి. 2024లో 4,999 డాలర్ల ధరతో వచ్చిన జీఎఫ్ఎక్స్ 100ఎస్ 2లోను, 2025లో 7,399 డాలర్లతో వచ్చిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ 2 100సీలోను 10 కోట్ల పిక్సెళ్లు, చేతి వణుకు సరిచేసే సదుపాయం, మెరుగైన ఆటోఫోకస్ ఉన్నాయి. ఫైళ్లు కూడా అంతకు తగ్గట్టే పెరుగుతాయి.

4. కొనే ముందు ఒక్కరోజైనా అద్దెకు తెచ్చి, మీ మనుషులను మీ వెలుతురులో తీసి, ప్రింటు వేసి చూడండి.

ఆ ఆదివారాల్లో తీసిన ఫోటోలను ఈ వార్షికోత్సవం రోజున భోజనశాల గోడల మీద పెడుతున్నాం. మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ రోజూ అన్నం తినే చోట వాళ్ల అమ్మానాన్నలు, ఉన్న రంగులో ఉన్నట్టుగా కనిపిస్తారు. పూర్వ విద్యార్థులు కూడా వచ్చి చూడాలని, వీలైతే తమ అమ్మానాన్నలను వెంటబెట్టుకుని రావాలని కోరుతున్నాం. వరండాలో కుర్చీ వేసి ఉంటుంది. అన్న కెమెరాతో సిద్ధంగా ఉంటారు.