యూనిట్ – 6: మూలకాల సంయోజకత

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరవాత మీరు:
• సంయోజకతను నిర్వచించి, సమ్మేళనాల సంఘటనం నుంచి లెక్కగట్టగలుగుతారు.
• తుల్యాంక భారం, పరమాణు భారం, సంయోజకతల మధ్య సంబంధాన్ని ఉపయోగించగలుగుతారు.
• సంయోజకతకు ఎలక్ట్రాన్ విన్యాసంతో ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• సంయోజకత, ఆక్సీకరణ సంఖ్య, సమన్వయ సంఖ్యల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

సంయోజకత అనగానే చాలామందికి హైస్కూల్లో కంఠస్థం చేసిన పట్టిక గుర్తుకొస్తుంది. సోడియం 1, మెగ్నీషియం 2, అల్యూమినియం 3, కార్బన్ 4 అంటూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్లం. కాంటాక్ట్ తరగతుల్లో నేను ఏటా ఒక ప్రశ్న అడిగేవాణ్ని: "నైట్రోజన్ సంయోజకత ఎంత?" తరగతి అంతా ఒక్క గొంతుతో "మూడు" అనేది. "మరి అమ్మోనియం అయాన్‌లో నైట్రోజన్‌కు ఎన్ని హైడ్రోజన్లు కలిసి ఉన్నాయి?" అంటే "నాలుగు" అనేవారు. ఆ తరవాత ఎవరూ మాట్లాడేవారు కాదు. ఒకసారి, రాత్రి డ్యూటీ ముగించుకొని నేరుగా తరగతికి వచ్చిన ఒక విద్యార్థి లేచి, "అయితే పట్టిక తప్పా సార్, అయాన్ తప్పా?" అని అడిగాడు.

రెండూ తప్పు కాదు. దేన్ని లెక్కపెడుతున్నామో చెప్పకుండా లెక్క చెప్పడమే తప్పు. సంయోజకత మూలకానికి శాశ్వతంగా అంటించిన చీటీ కాదు. అది ఒక లెక్కకు వచ్చిన జవాబు. ఆ లెక్క ఏమిటో తెలిస్తే పట్టికను బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఈ యూనిట్ ఉద్దేశం అదే.

ఇక్కడ సమ్మేళనాలను ఫార్ములాలతో కాకుండా మాటల్లో చెబుతున్నాం. చదువుతూ పక్కన ఒక కాగితం పెట్టుకొని, ప్రతిదానికీ ఫార్ములాను మీరే రాసుకోండి.

6.2 నిర్వచనం

ఒక మూలక పరమాణువు ఎన్ని హైడ్రోజన్ పరమాణువులతో సంయోగం చెందుతుందో, లేదా ఎన్ని హైడ్రోజన్ పరమాణువులను స్థానభ్రంశం చేస్తుందో తెలిపే సంఖ్యను ఆ మూలకం సంయోజకత అంటారు. దీన్నే వేలన్సీ అని కూడా వ్యవహరిస్తాం.

హైడ్రోజన్ క్లోరైడ్‌లో ఒక క్లోరిన్ ఒక హైడ్రోజన్‌తో, నీటిలో ఒక ఆక్సిజన్ రెండు హైడ్రోజన్లతో, అమ్మోనియాలో ఒక నైట్రోజన్ మూడింటితో, మీథేన్‌లో ఒక కార్బన్ నాలుగింటితో కలిసి ఉన్నాయి. కాబట్టి వీటి సంయోజకతలు వరసగా 1, 2, 3, 4.

మెగ్నీషియం విషయంలో రెండో పద్ధతి వీలుగా ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక మోల్ మెగ్నీషియం, అంటే సుమారు 24 గ్రాములు, కరిగితే సుమారు 2 గ్రాముల హైడ్రోజన్ వెలువడుతుంది. అంటే ఒక్కొక్క మెగ్నీషియం పరమాణువు రెండేసి హైడ్రోజన్ పరమాణువులను తొలగించింది. దాని సంయోజకత 2.

హైడ్రోజన్‌తో సూటిగా పోల్చడం కుదరనప్పుడు క్లోరైడ్‌నో ఆక్సైడ్‌నో చూస్తాం. క్లోరిన్‌ను ఒకటిగా, ఆక్సిజన్‌ను రెండుగా లెక్కిస్తాం. అల్యూమినియం ఆక్సైడ్‌లో రెండు అల్యూమినియంలకు మూడు ఆక్సిజన్లు ఉంటాయి. మూడు రెళ్లు ఆరు; ఆరును ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి మూడు.

6.3 తూకం నుంచి సంయోజకతకు

ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ 1897లో కనుక్కొన్నాడు. సంయోజకత భావన అంతకు నలభై ఏళ్లకు పైగా ముందుదే. 1852లో ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్, నైట్రోజన్, ఫాస్ఫరస్, ఆర్సెనిక్, ఆంటిమొనీల సమ్మేళనాలను పరిశీలించి, వీటి పరమాణువులు ఇతర మూలకాల పరమాణువులతో మూడు లేదా అయిదు చొప్పున కలుస్తున్నాయని గుర్తించాడు. 1858లో కెకూలే, కూపర్ విడివిడిగా కార్బన్ సంయోజకత నాలుగని, కార్బన్ పరమాణువులు ఒకదానితో ఒకటి గొలుసుగా కలవగలవని ప్రతిపాదించారు.

వాళ్ల చేతిలో ఉన్న ప్రధాన సాధనం త్రాసు. అయితే త్రాసు నుంచి వచ్చేది తుల్యాంక భారం మాత్రమే. ఒక భాగం హైడ్రోజన్‌తో, లేదా 8 భాగాల ఆక్సిజన్‌తో, లేదా 35.5 భాగాల క్లోరిన్‌తో కలిసే మూలకపు భారమే తుల్యాంక భారం. పరమాణు భారం కావాలంటే:

పరమాణు భారం = తుల్యాంక భారం × సంయోజకత

నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కు సుమారు 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. డాల్టన్ నీటిలో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉన్నాయని భావించాడు. ఆ ఊహ ప్రకారం ఆక్సిజన్ సంయోజకత 1, నేటి కొలతలతో దాని పరమాణు భారం 8. నిజమైన సంయోజకత 2 కాబట్టి పరమాణు భారం 16. తూకంలో పొరపాటు లేకపోయినా సంయోజకత తప్పయితే పరమాణు భారం తప్పుతుంది. దానితో పాటు ఆవర్తన పట్టికలో మూలకం స్థానమూ తప్పుతుంది.

6.3.1 బెరిలియం వివాదం

దీనికి చక్కని ఉదాహరణ బెరిలియం. దాని తుల్యాంక భారం సుమారు 4.5. దాని ఆక్సైడ్ అనేక ధర్మాల్లో అల్యూమినియం ఆక్సైడ్‌ను పోలి ఉంటుంది. అందువల్ల బెరిలియం సంయోజకత కూడా మూడేనని చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు నమ్మారు. అప్పుడు పరమాణు భారం 13.5 అవుతుంది.

1869లో ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్‌కు ఈ విలువ కుదరలేదు. 12 దగ్గర కార్బన్, 14 దగ్గర నైట్రోజన్ ఉన్నాయి. ఆ రెండింటి నడుమ ఖాళీ లేదు. సంయోజకత 2 అనుకుంటే పరమాణు భారం 9 అవుతుంది. అప్పుడు బెరిలియం 7 దగ్గరున్న లిథియంకు, 11 దగ్గరున్న బోరాన్‌కు మధ్య, మెగ్నీషియం సమూహంలో సరిగ్గా కూర్చుంటుంది. మెండలీవ్ దాన్ని అక్కడే ఉంచాడు.

స్వీడన్‌కు చెందిన నిల్సన్, పెటర్సన్ దీన్ని అంగీకరించలేదు. తమ ప్రయోగ ఫలితాలను బట్టి సంయోజకత మూడేనని వాదించారు. ఈ చిక్కును బెరిలియం క్లోరైడ్ బాష్ప సాంద్రతతో విడదీయవచ్చు. ఎలాగో చూడండి.

సంయోజకత 3 అయితే: 13.5 + (3 × 35.5) = 120
సంయోజకత 2 అయితే: 9 + (2 × 35.5) = 80

అణు భారం బాష్ప సాంద్రతకు రెట్టింపు. కాబట్టి హైడ్రోజన్‌తో పోల్చినప్పుడు బాష్ప సాంద్రత 60 దగ్గర వస్తే మూడు, 40 దగ్గర వస్తే రెండు. 1884లో అధిక ఉష్ణోగ్రతల వద్ద ఈ కొలతను చేసినవారు నిల్సన్, పెటర్సన్‌లే. విలువ 40కి దగ్గరగా వచ్చింది. తమ వాదనకు వ్యతిరేకంగా వచ్చిన ఆ ఫలితాన్ని వారే ప్రకటించారు. సంయోజకతను పోలికలను బట్టి ఊహించరాదని, కొలతతో నిర్ధారించాలని ఈ ఉదంతం నేర్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

ఇండియం తుల్యాంక భారం 38.3. మొదట దీని సంయోజకతను 2గా భావించారు. మెండలీవ్ 3 అన్నాడు. రెండు విధాలా పరమాణు భారాన్ని లెక్కించి, మెండలీవ్ ఎందుకు మార్చాడో చెప్పండి. ఆర్సెనిక్ 75, సెలీనియం 79, కాడ్మియం 112, టిన్ 119 అని తీసుకోండి.

6.4 ఎలక్ట్రాన్ విన్యాసం – సంయోజకత

పరమాణువు బాహ్య కర్పరంలోని ఎలక్ట్రాన్లను వేలన్సీ ఎలక్ట్రాన్లు అంటారు. సోడియం విన్యాసం 2, 8, 1. మెగ్నీషియంది 2, 8, 2. క్లోరిన్‌ది 2, 8, 7. ముఖ్య గ్రూపుల మూలకాల్లో బాహ్య ఎలక్ట్రాన్లు నాలుగు వరకు ఉంటే సాధారణంగా ఆ సంఖ్యే సంయోజకత. నాలుగు దాటితే 8 నుంచి ఆ సంఖ్యను తీసివేయాలి. క్లోరిన్‌కు 8 – 7 = 1. ఎలక్ట్రాన్ల బదిలీ వల్ల అయానిక బంధం, జంటలను పంచుకోవడం వల్ల సమయోజనీయ బంధం ఏర్పడతాయి. బంధం అంటే రెండు పరమాణువులు పంచుకున్న ఎలక్ట్రాన్ జంట అనే భావనను 1916లో జి.ఎన్. లూయిస్ ప్రతిపాదించాడు.

"సోడియం అష్టకం కోసం తహతహలాడుతూ ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది" అని జవాబు పత్రాల్లో తరచూ కనిపిస్తుంది. పరమాణువుకు కోరికలు ఉండవు. శక్తి లెక్క ఉంటుంది. సోడియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు కావాలి. క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకొన్నప్పుడు తిరిగి వచ్చేది 349 మాత్రమే. ఇంకా 147 కిలోజౌళ్ల లోటు ఉంది. విరుద్ధ ఆవేశాలున్న అయాన్లు స్ఫటిక జాలకంగా అమరినప్పుడు సుమారు 787 కిలోజౌళ్లు వెలువడి ఆ లోటును పూడుస్తాయి.

మరి సోడియం రెండో ఎలక్ట్రాన్‌ను ఎందుకు ఇవ్వదు? దానికి 4,562 కిలోజౌళ్లు కావాలి. అంటే మొదటిదానికి తొమ్మిది రెట్లకు పైగా. అంత ఖర్చును ఏ జాలకమూ భరించలేదు. అందుకే సోడియం సంయోజకత 1. మెగ్నీషియంలో మొదటి రెండు ఎలక్ట్రాన్లకు 738, 1,451 కిలోజౌళ్లు సరిపోతాయి. మూడోదానికి 7,733 కావాలి. ఆ పెద్ద ఎగుడు ఎక్కడ వస్తుందో అక్కడ సంయోజకత ఆగుతుంది.

అష్టక నియమం ఉపయోగకరమైన గుర్తే కాని, ప్రకృతి శాసనం కాదు. ఫాస్ఫరస్ అయిదు క్లోరిన్లతోనూ సమ్మేళనాన్ని ఇస్తుంది. చిన్నదైన నైట్రోజన్ చుట్టూ అయిదు క్లోరిన్లకు చోటు చాలదు. సంయోజకత సున్నా అని చెప్పుకొనే జడవాయువుల్లో ఒకటైన జీనాన్‌తో 1962లో నీల్ బార్ట్‌లెట్ సమ్మేళనాన్ని తయారుచేశాడు. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగగల పదార్థం ఆయన దగ్గర ఉంది. జీనాన్ అయనీకరణ శక్తి కూడా దాదాపు అంతేనని గమనించి ప్రయత్నించాడు. జీనాన్ రెండు, నాలుగు, ఆరు ఫ్లోరిన్లతో కూడా కలుస్తుందని తరవాత తేలింది.

6.5 మూడు లెక్కలు – మూడు పేర్లు

ఇప్పుడు అమ్మోనియం అయాన్‌కు వద్దాం. అమ్మోనియాలో నైట్రోజన్‌కు మూడు బంధాలు, ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉన్నాయి. ఎలక్ట్రాన్ లేని హైడ్రోజన్ అయాన్ వచ్చి ఆ జంటను పంచుకొంటుంది. దీన్ని సమన్వయ సమయోజనీయ బంధం అంటారు. బంధాల సంఖ్య నాలుగయింది. కాని నైట్రోజన్ ఆక్సీకరణ సంఖ్య అమ్మోనియాలో – 3, అమ్మోనియంలో కూడా – 3. ఏ లెక్క అడుగుతున్నామో దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఆ లెక్కలు మూడు.

(అ) సంయోజకత: పరమాణువు ఏర్పరచే బంధాల సంఖ్య. దీనికి ధన, ఋణ గుర్తులు ఉండవు.

(ఆ) ఆక్సీకరణ సంఖ్య: ప్రతి బంధంలోని ఎలక్ట్రాన్లు పూర్తిగా ఋణవిద్యుదాత్మకత ఎక్కువగా ఉన్న పరమాణువుకే చెందుతాయని భావించినప్పుడు మిగిలే ఆవేశం. మీథేన్, మిథైల్ క్లోరైడ్, డైక్లోరోమీథేన్, క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్‌లలో కార్బన్ సంయోజకత ఎప్పుడూ నాలుగే. ఆక్సీకరణ సంఖ్య మాత్రం వరసగా – 4, – 2, 0, + 2, + 4.

(ఇ) సమన్వయ సంఖ్య: సంక్లిష్ట సమ్మేళనంలో కేంద్ర లోహ పరమాణువుతో నేరుగా బంధితమైన దాత పరమాణువుల సంఖ్య. కోబాల్ట్ ట్రైక్లోరైడ్ ఆరు, అయిదు, నాలుగు అమ్మోనియాలతో వేర్వేరు సమ్మేళనాలను ఇస్తుంది. వీటి ద్రావణాలకు సిల్వర్ నైట్రేట్ కలిపితే, మూడు క్లోరిన్లలో వరసగా మూడు, రెండు, ఒకటి మాత్రమే అవక్షేపంగా దిగుతాయి. మిగిలినవి కోబాల్ట్‌ను నేరుగా అంటిపెట్టుకొని ఉన్నాయన్నమాట. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దీన్ని వివరిస్తూ లోహానికి ప్రాథమిక వేలన్సీ, గౌణ వేలన్సీ అని రెండు ఉంటాయన్నాడు. కోబాల్ట్‌కు ఇక్కడ మొదటిది మూడు, రెండోది ఆరు. నేడు వీటినే ఆక్సీకరణ సంఖ్య, సమన్వయ సంఖ్య అంటున్నాం. ఈ కృషికి వెర్నర్‌కు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ సంయోజకత ఎంత? ఆక్సీకరణ సంఖ్య ఎంత?

6.6 నిత్యజీవితంలో ఈ తేడా

ఈ లెక్కలు పరీక్షతో ముగిసేవి కావు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకోవాలంటే అందులోని ఇనుము +2 స్థితిలో ఉండాలి. +3కు మారితే అది మెట్‌హీమోగ్లోబిన్ అవుతుంది, ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. నైట్రేట్ ఎక్కువగా ఉన్న బావి నీరు పసిపిల్లలకు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రల్లో తరచూ ఫెర్రస్ లవణం ఉంటుంది. ఫెర్రిక్ కంటే అది పేగుల్లో తేలికగా శోషణం చెందుతుంది. నిమ్మ, ఉసిరికల్లోని విటమిన్ సి ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చి తోడ్పడుతుంది.

క్రోమియం మరో ఉదాహరణ. తోళ్లను పదును చేయడానికి +3 క్రోమియం లవణాలను వాడతారు. +6 క్రోమియం క్యాన్సర్ కారకం. మీరు ప్రయోగశాలలో అంశమాపనానికి వాడే పొటాషియం డైక్రోమేట్‌లో ఉన్నది ఈ +6 క్రోమియమే. దాన్ని ఎప్పుడూ నోటితో పిపెట్‌లోకి పీల్చకండి. రబ్బరు బల్బు వాడండి. మూలకం పేరు ఒకటే అయినా, ఆ పక్కనున్న సంఖ్య మారితే పదార్థం స్వభావమే మారుతుంది.

6.7 సారాంశం

సంయోజకత మొదట తూకాల నుంచి, బాష్ప సాంద్రతల నుంచి నిర్ధారించిన సంఖ్య. ఎలక్ట్రాన్ విన్యాసం దానికి తరవాత వివరణ ఇచ్చింది. తుల్యాంక భారాన్ని సంయోజకతతో గుణిస్తే పరమాణు భారం వస్తుంది. అయనీకరణ శక్తులు, జాలక శక్తి కలిసి అయానిక సమ్మేళనాల్లో సంయోజకత ఎక్కడ ఆగాలో నిర్ణయిస్తాయి. బంధాల సంఖ్య, ఆక్సీకరణ సంఖ్య, సమన్వయ సంఖ్య మూడు వేర్వేరు లెక్కలు. ఆనాడు ఆ విద్యార్థి అడిగినలాంటి సందేహం మీకూ వస్తే, పట్టికను తిరగేసేముందు "ఇక్కడ నేను దేన్ని లెక్కపెడుతున్నాను?" అని ప్రశ్నించుకోండి.

6.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. సంయోజకత 2 అయితే 76.6; అది ఆర్సెనిక్, సెలీనియంల మధ్య పడుతుంది, అక్కడ ఖాళీ లేదు. 3 అయితే 114.9, కాడ్మియం, టిన్‌ల మధ్య అల్యూమినియం గ్రూపులో సరిపోతుంది.

2. సంయోజకత 2, ఆక్సీకరణ సంఖ్య – 1. ఆక్సిజన్–ఆక్సిజన్ బంధాన్ని సంయోజకతలో లెక్కిస్తాం. సమాన పరమాణువుల మధ్య ఉన్నందువల్ల ఆక్సీకరణ సంఖ్యకు అది ఏమీ చేర్చదు.

6.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బెరిలియం పరమాణు భారాన్ని నిర్ధారించడంలో సంయోజకత పాత్రను వివరించండి.
2. సంయోజకత, ఆక్సీకరణ సంఖ్య, సమన్వయ సంఖ్యల తేడాలను ఉదాహరణలతో తెలపండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సోడియం సంయోజకత 2 ఎందుకు కాదు? శక్తి విలువలతో వివరించండి.
2. అమ్మోనియం అయాన్‌లో బంధాలు ఏర్పడే తీరును వివరించండి.