మోకాలి నుంచి కాలివేళ్ల దాకానే!

కాలిఫోర్నియాలో మా ఇంటికొచ్చిన అమ్మని మొన్నామధ్య పెడిక్యూర్‌కి తీసుకెళ్లాను. ఆవిడకి ఎడమ అరికాల్లో ఆనెకాయ. షుగర్ కూడా ఉంది. "కాస్త బ్లేడుతో తీసేయమనవే, మన ఊళ్లో రెండు నిమిషాల పని" అంది. అదే అడిగితే సెలూన్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నేను తియ్యకూడదు, డాక్టర్‌కి చూపించండి" అంది. ఎక్కువ డబ్బులిస్తామన్నా వినలేదు. అమ్మ మొహం చిన్నబోయింది. నాకైతే ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి రూల్స్ వెతికా. కోడ్ రాసుకుని బతికేదాన్ని, ఇక్కడ చట్టాన్నీ కోడ్ అనే అంటారు! నెయిల్ టెక్నీషియన్ లైసెన్సుకి ఈ రాష్ట్రంలో 400 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష ఉంటాయి. అది ఉంటే గోళ్లు కత్తిరించొచ్చు, రంగు వేయొచ్చు. మసాజ్ అయితే చేతులకి మోచేతి నుంచి వేలికొసల దాకా, కాళ్లకి మోకాలి నుంచి వేళ్ల దాకా. "పన్లో పనిగా భుజాలు కూడా పట్టమ్మా" అంటే హద్దు దాటినట్టే. పైపైన ఉన్న మృతచర్మం రుద్దొచ్చు గానీ ప్రాణమున్న చర్మం జోలికి పోకూడదు. ఆనెలు కోసే బ్లేడు వాడటం సంగతి అటుంచండి, అది షాపులో ఉండటమే తప్పు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 2000లో ఇదే రాష్ట్రంలోని వాట్సన్‌విల్ ఊళ్లో ఒకే సెలూన్‌కి వెళ్లిన వందమందికి పైగా కాళ్లమీద కురుపులు లేచాయి. కాళ్లు నానబెట్టే తొట్టి ఫిల్టర్ వెనక పేరుకున్న వెంట్రుకల్లో, మురికిలో బ్యాక్టీరియా చేరింది. ముందే కాళ్లు షేవ్ చేసుకున్నవాళ్లకి ముప్పు ఎక్కువైందట. రేజర్ చేసే కంటికి కనపడని గాటే అంత పని చేస్తే, షుగర్ ఉన్న కాలిమీద బ్లేడు గాటు ఏం చేస్తుందో!

ఇందులో నాకు నచ్చనిదీ ఒకటుంది. డాక్టర్ దగ్గరికి పొమ్మనడం తేలికే. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు పట్టవు. జేబులోంచే కట్టాం.

పాదాల డాక్టర్ ఆనెకాయ తర్వాత చూద్దామని, సన్నటి నైలాన్ పోగుతో అమ్మ అరికాలు అక్కడక్కడా తాకుతూ "తెలుస్తోందా?" అని అడిగారు. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. మూడుచోట్ల ఏమీ అనలేదు. ఆవిడ జవాబు చెప్పట్లేదనుకున్నా. తాకినట్టే తెలియలేదట.

ఇప్పుడు చెప్పుల్లేకుండా పెరట్లోకి కూడా అడుగు పెట్టట్లేదు.